వెనక గదికీ వైఫై అందాలి

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళ ఇది. వంటలు, వడియాలు, పిల్లల పెంపకం, వీటిని గురించి ఈ కార్యక్రమంలో మీరు ఎన్నో విన్నారు. ఈ రోజు నేను ముచ్చటించదలచుకున్నది ఇంట్లో వైఫై గురించి. "అదేదో మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకూ" అని రేడియో కట్టెయ్యకండి. ఏ గదికి నీళ్ళు ఎక్కడం లేదో, ఏ గదిలో గాలి ఆడదో ఇంట్లో మొదట తెలిసేది మనకే. వైఫై అందని గది సంగతీ అంతే. చాలా ఇళ్ళల్లో ఆ అందని చోటు ఏదో తెలుసునా? వంటిల్లు, లేకుంటే వంటింటి పక్కన వుండే వెనక గది. అంటే మనం వుండే చోటే నన్నమాట.

మాది వరంగల్లు. మట్టెవాడలో పాత ఇల్లు, మా మామగారి తండ్రి కట్టించినది. రాయీ సున్నమూ పెట్టి కట్టిన గోడలు, మూరెడు మందం వుంటాయి. ఎండాకాలంలో ఆ చల్లదనం హాయి ఇంతా అంతా కాదు. ముందు వరండా, దాని వెనక హాలు, హాలు వెనక నడిమి గది, ఆ వెనక వంటిల్లు, వంటింటి పక్కన మా అత్తమ్మ పడుకునే గది. రైలు పెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటి. మన ఓరుగల్లు కోట చూశారు కదూ? గణపతిదేవుడి కాలంలోనూ, రుద్రమదేవి కాలంలోనూ కట్టిన ఆ కోటకు బయట మట్టిగోడ, అది దాటితే లోపల రాతిగోడ. శత్రువు ఒకటి దాటి వచ్చినా రెండోదాని దగ్గర అలిసిపోవాలని వాళ్ళ ఎత్తు. మా ఇంట్లో వైఫైకి పట్టిన గతీ అదే. హాల్లో గట్టిగా బయలుదేరి, రెండు గోడలు దాటేసరికి ప్రాణం పోయేది.

ఈ సంగతి మాకు తెలిసివచ్చింది 2020లో. కరోనా వచ్చి బళ్ళూ కాలేజీలూ మూతపడిన ఏడాది. ఆ సెప్టెంబరు 1వ తేదీ నుంచి మన రాష్ట్రంలో సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలోనూ, టీశాట్‌లోనూ పాఠాలు మొదలుపెట్టారు. ప్రైవేటు కాలేజీల పిల్లలకు సెల్‌ఫోనులోనే క్లాసులు. మా అబ్బాయి ఇంజనీరింగు, అమ్మాయి ఇంటర్మీడియట్. అబ్బాయికి హాల్లో బల్ల వేశాం. అమ్మాయి నాయనమ్మ గదిలో చదువుకుంటుందిలే అనుకున్నాం. పోనీ, అనుకోనుకూడా అనుకోలేదు. అలా జరిగిపోయింది.

ఒకనాడు సాయంత్రం ముసురు పట్టింది. ఆరేసిన బట్టలు తీద్దామని డాబా మెట్లెక్కబోతే, మెట్లమీద గోనెపట్టా పరుచుకుని అమ్మాయి కూర్చుని వుంది. ఒళ్ళో పుస్తకం, చేతిలో ఫోను, కాళ్ళనిండా దోమకాట్లు.

"ఏందే, గీడ కూసున్నవ్?" అన్నాను.

"ఈడైతేనే వస్తదమ్మా. నాయనమ్మ గదిల కూసుంటే సార్ మొకం ఆగిపోతది."

"ఎన్ని దినాల సంది?"

"క్లాసులు మొదలైనప్పటి సంది. పోయిన వారం పరీక్ష నడుమల కూడ పోయింది."

"మరి చెప్పొద్దా?"

తలెత్తి నావంక చూసింది. "అన్నకు బల్ల ఏసిచ్చిండ్రు. నాకేం కావాల్నని ఎవలడిగిండ్రమ్మా?" అంది.

కోపంగా అనలేదు. వానొస్తోందన్నంత మామూలుగా అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మెట్లపక్కనే హాలు కిటికీ. ఆ కిటికీలోంచి కాస్త కారి వచ్చే వైఫై కోసం నా బిడ్డ నెలరోజులుగా దోమల్లో కూర్చుంటే, బియ్యం డబ్బాలో పురుగును పసిగట్టే నా కంటికి అది ఆనలేదు.

మరునాడు మా వారితో చెబితే, పాపం, ఆయన వెంటనే నెలకు ఎక్కువ డబ్బు కట్టి పెద్ద ప్లాను తీసుకున్నారు. హాల్లో వున్న అబ్బాయికి ఇంకా జోరుగా వచ్చింది. వెనక గదిలో మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే. సోదరీమణులారా, ఈ పొరపాటు చాలామంది చేస్తారు గనుక చెబుతున్నాను. డాబామీద టాంకు పెద్దది పెట్టినంతమాత్రాన గొట్టం లేని గదికి నీళ్ళు రావు. ప్లాను అనేది ఇంటిదాకా వచ్చే ధార. గదిగదికీ పంచడం వేరే పని.

అసలు దారి చూపించినది మా అత్తమ్మ. ఎనభయ్యో పడిలో వున్న మనిషి, సెల్‌ఫోనులో నిజామాబాదులోని ఆడబిడ్డ ముఖం చూడటం తప్ప ఇంకేం తెలియదు. మేము కిందామీదా పడుతుంటే మంచంమీంచే అడిగింది: "బిడ్డా, దీపం ఏడ పెడ్తుంటిమి? ఇంటి నడుమ గోడకు గూడు పెట్టి అండ్ల పెడ్తుంటిమి. ముంగటి మూలకు పెడితే సగం ఎలుగు బజారుకే పాయె. గీ పెట్టె సంగతి కూడ గంతేనా?"

గంతే, అత్తమ్మా! నూటికి నూరుపాళ్ళూ గంతే. ఫైబరు తీగె తెచ్చిన కుర్రవాడు వీధి తలుపు పక్కన, టీవీ వెనకాల పెట్టెను బిగించిపోయాడు. అతనికి తీగె కలిసివచ్చిన చోటు అది. మా వెలుగులో సగం బజారుకే పోతోంది.

వైఫై అంటే మరేమీ కాదు, రేడియో తరంగమే. మీరిప్పుడు నా మాట వింటున్నది ఎలాగో, అదీ అలాగే. 1997లో దానికొక ప్రమాణం ఏర్పడింది, 1999లో వైఫై అన్న పేరు వచ్చింది. మరి మన వరంగల్లు రేడియో ఊరంతా వినిపిస్తూ వుంటే, ఇంట్లో పెట్టె పక్కగదికి కూడా పోదేం? రేడియో కేంద్రం ఎత్తయిన స్తంభంమీంచి వేల వాట్ల బలంతో పంపుతుంది. మన పెట్టె బలం వాటులో పదోవంతు, అంతకు కాస్త అటూఇటూ. ఇంకొకటి, తరంగం పొడవు. ఎఫ్.ఎం. తరంగం సుమారు మూడు మీటర్ల పొడుగు. వైఫైలో రెండు రకాలున్నాయి. 2.4 గిగాహెర్ట్స్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడులో సగం. 5 గిగాహెర్ట్స్‌ది మూడువేళ్ళ వెడల్పు. ఈ పొట్టి తరంగాలకు గోడలు దాటడం కష్టం. రెంటిలో 5 గిగాహెర్ట్స్ వేగం ఎక్కువ, కాని గోడకు త్వరగా లొంగిపోతుంది. 2.4 నెమ్మది, కాని ఇంకో గది దూరం పోగలదు.

రేడియో మనం వింటే చాలు, బదులు చెప్పనక్కరలేదు. వైఫైలో అలా కాదు. పెట్టె పంపినది ఫోను అందుకోవాలి, ఫోను జవాబు పెట్టెకు చేరాలి. ఫోను గొంతు పెట్టె గొంతుకంటే కూడా చిన్నది. అందుకే నాలుగు కొమ్ముల పెద్ద రూటరు కొన్నా ఒక్కొక్కసారి ప్రయోజనం వుండదు. వీధిచివర నిలబడి మనం కేక వేస్తే పసివాడికి వినబడుతుంది, వాడు పలికినది మనకు వినబడొద్దూ?

సరే, ఏం చెయ్యాలో వరుసగా చెబుతాను.

ముందు డబ్బు ఖర్చు పెట్టకండి. ఒక కాగితంమీద ఇంటి నక్షా గీయండి. పెట్టె ఎక్కడుందో గుర్తు పెట్టండి. మొదట పెట్టె పక్కనే నిలబడి, ఫోనులో వేగం కొలిచే పరీక్ష చేసి ఆ అంకె రాయండి. పక్కనే నిలబడ్డా నెమ్మదిగా వుంటే లోపం ఇంట్లో గోడలది కాదు. పెట్టెది కావచ్చు, బయటినుంచి వచ్చే తీగెది కావచ్చు. కనెక్షను ఇచ్చినవారిని పిలవండి. అక్కడ బాగుండి వెనక్కు పోయేకొద్దీ తగ్గితే అప్పుడు మన పని. ప్రతి గదిలోనూ, ప్రతి మూలా అదే ఫోనుతో కొలిచి రాయండి. వైఫై బలం చూపించే ఆపులు వున్నాయి. అవి మైనస్ గుర్తుతో అంకె చూపిస్తాయి. మైనస్ 50 అంటే బహు బాగు. మైనస్ 67 దాకా వీడియో క్లాసు సాఫీగా నడుస్తుంది. మైనస్ 80 అంటే వున్నా లేనట్టే. ప్రతి మూడు అంకెలు దిగినప్పుడల్లా బలం సగమవుతుందని గుర్తుంచుకోండి.

తరువాత దారిలో అడ్డేమున్నదో చూడండి. రాతిగోడ, ఇనుప చువ్వలు వేసిన సిమెంటు కప్పు, ఇనుప బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం, ఇవన్నీ తరంగాన్ని అడ్డుకుంటాయి. నీళ్ళు మింగేస్తాయి. మా నడిమి గదిలో పెట్టెకూ వెనక గదికీ సరిగ్గా మధ్యన గోద్రెజ్ బీరువా వుండేది. దాన్ని పక్కగోడకు జరిపితేనే కొంత తేడా కనిపించింది. మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేదికూడా 2.45 గిగాహెర్ట్స్ దగ్గరే. అందుచేత అది తిరుగుతున్నంతసేపూ వంటింట్లో 2.4 వైఫై తడబడటం వింతేమీ కాదు.

ఇప్పుడు పెట్టె చోటు మార్చండి. ఇంటి నడిమికి, మనిషి తలకంటే ఎత్తున, ఆరుబయటగా వుండాలి. అందం కోసం టీవీ వెనక, అల్మారా లోపల దాచకండి. కొమ్ములున్నవైతే, ఒకే అంతస్తు ఇంటికి అవి నిటారుగా వుండటం మంచిది. అత్తమ్మ చెప్పిన దీపపుగూడు మా నడిమి గదిలో ఇప్పటికీ వుంది. అయితే అది గోడలోకి లోతుగా దిగి వుంటుంది గనుక అందులో పెట్టలేదు. దాని పక్కనే, గుమ్మానికి పైన ఒక చెక్క కొట్టించి దానిమీద పెట్టాం. తరంగానికి గోడ కంటే తెరిచిన గుమ్మం మేలు కదా.

"తీగె అంతదూరం రాదే" అంటారేమో. ఫైబరు తీగె లోపల గాజు దారం వుంటుంది. దాన్ని మనం లాగకూడదు, మడవకూడదు. ఆ పని కనెక్షనువారిచేతనే చేయించాలి. లేదూ, వాళ్ళ పెట్టెను అక్కడే వుంచి, అందులోంచి మామూలు నెట్‌వర్కు కేబులు నడిమి గదికి లాగి, అక్కడ వేరే రూటరు పెట్టుకోవచ్చు. మేము చేసినది ఇదే.

చాలా ఇళ్ళకు ఇంతతోనే సరిపోతుంది. మాకు వంటింటిదాకా వచ్చింది, కాని అత్తమ్మ గదిలో ఇంకా కుంటుతూనే వుంది. అలాంటప్పుడు నాలుగు దారులున్నాయి.

మొదటిది రిపీటరు. ప్లగ్గులో పెట్టే చిన్న పెట్టె. విన్నది మళ్ళీ గట్టిగా చెబుతుంది. చవక, సులువు. అందరూ చేసే తప్పేమిటంటే, వైఫై రాని గదిలోనే దాన్ని పెడతారు. తనకే వినబడకపోతే అది ఏం చెబుతుంది? పెట్టెకూ ఆ గదికీ నడుమ, ఇంకా బాగా వస్తున్న చోట పెట్టాలి. వింటూ చెబుతూ వుండటంవల్ల చవక రకాలలో వేగం సుమారు సగానికి పడిపోతుంది. ఫోను మాట్లాడటానికి చాలు. ఇద్దరు పిల్లలు క్లాసులు వినాలంటే కష్టం.

రెండోది మెష్. ఒకే జట్టుగా పనిచేసే రెండు మూడు పెట్టెలు. ఇంట్లో తిరుగుతుంటే ఫోను ఒకదానినుంచి మరొకదానికి పెద్దగా తెగకుండా మారుతుంది. సొగసైనదే, కాని ఖరీదు. మూరెడు రాతిగోడల ఇంట్లో ఆ పెట్టెల మధ్య కూడా కేబులు వెయ్యకపోతే పూర్తి ఫలం రాదు.

మూడోది కరెంటు తీగెల ద్వారా పంపేది. ప్లగ్గులో ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. పాత వైరింగు వున్న ఇళ్ళల్లో, ఒక గది ఒక ఫేజుమీద, ఇంకో గది ఇంకో ఫేజుమీద వున్నచోట అది నమ్మకంగా పనిచెయ్యదు. తిరిగి తీసుకునే షరతుమీదే కొనండి.

నాలుగోది, నా మాట వింటే అన్నిటికంటే మేలైనది, కేబులు వేసి వెనక గదిలో ఇంకో పెట్టె పెట్టడం. కొత్తది కొననక్కరలేదు. మీ అటకమీద పాత రూటరు ఒకటి పడి వుండే వుంటుంది. మా ఎదురింటి అబ్బాయి ఒక్క పూటలో చేసిపెట్టాడు. దాని సెట్టింగులలో ఫోనులకు నంబర్లు పంచే డీహెచ్‌సీపీ అన్నదాన్ని ఆపెయ్యాలి. ఇంటికి ఒకే యజమానురాలు వుండాలి కదా! దాని సొంత నంబరు మొదటి రూటరు నంబరుకు వేరుగా వుండేట్టు మార్చాలి. వైఫై పేరూ పాస్‌వర్డూ మాత్రం మొదటిదానివే ఇవ్వాలి. కేబులును రెంటిలోనూ లాన్ అని రాసి వున్న రంధ్రాలలోనే గుచ్చాలి. అంతే.

కేబులు కొనేటప్పుడు క్యాట్ 6 అని అడగండి, లోపల మేలిమి రాగి తీగె వుండాలి. అల్యూమినియానికి రాగి పూత పూసినవి అంగట్లో చవగ్గా దొరుకుతాయి, మోసపోకండి. వంద మీటర్ల దాకా ఏ చిక్కూ లేదు, మన ఇళ్ళకు అందులో నాలుగోవంతైనా పట్టదు. కరెంటు తీగెల గొట్టంలోంచి మాత్రం లాగనివ్వకండి, అది ప్రమాదం. బయటిగోడ మీంచి పోయేట్టయితే ఎండకూ వానకూ ఆగే రకం అడగండి.

ఇంకో రెండు మాటలు. కరెంటు పోతే రూటరు కూడా పోతుంది. ఇన్వర్టరు వుంటే పెట్టెలన్నిటినీ దానిమీదికి కలపండి. లేకుంటే రూటరుకని చిన్న యూపీఎస్‌లు వస్తున్నాయి, మీ పెట్టె అడుగున ఎన్ని వోల్టులని రాసి వుందో చూసి సరిపోయేది కొనండి. రెండోది, వైఫై దూరం పెరిగితే పొరుగింటికీ పెరుగుతుంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు పాస్‌వర్డుగా పెట్టుకోవడమంటే తలుపుకు తాళం వేసి చెవి గుమ్మానికి తగిలించినట్టే. మనకు మాత్రం గుర్తుండే నాలుగు సంబంధంలేని మాటలు కలిపి పెట్టండి.

మాకు కేబులుకూ, చెక్కకూ, మేకులకూ అయిన ఖర్చు ఆ పెద్ద ప్లానుకు ఏడాదిలో కట్టే అదనపు సొమ్ముకంటే తక్కువే. తరువాత ఆ ప్లాను మళ్ళీ చిన్నదానికి మార్చుకున్నాం కూడాను.

పాత రూటరు వెనక గదిలో వెలిగిన రోజున మొదట అత్తమ్మ నిజామాబాదుకు ఫోను కలిపించుకుంది. ఆడబిడ్డ ముఖం ఆగకుండా కదులుతుంటే, "ఇగో, ఇప్పుడు దీపం సక్కగ ఎలుగుతుంది" అంది. అమ్మాయి మెట్లమీది గోనెపట్టా దులిపి మడిచి లోపల పెట్టేసింది. ఏమీ అనలేదు. ఆ రాత్రి పదిగంటలకు వెనక గదిలోకి తొంగిచూస్తే నాయనమ్మ నిద్రపోతోంది, పక్కన బల్లమీద మనవరాలు లెక్కలు చేసుకుంటోంది. ఆ బల్ల కూడా మేము అప్పుడే వేశాం. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే వుంది.

కరోనా రోజులు పోయాయి, కాలేజీలు తెరిచారు. కాని హాల్‌టిక్కెట్లూ, ఫలితాలూ, కౌన్సిలింగులో ఏ కాలేజీ కావాలో ఎంచుకోవడం, ఉద్యోగాలకు దరఖాస్తులూ అన్నీ ఫోనులోనే అవుతున్నాయి. వైఫై అందని గదిలో వున్న మనిషి ఒక్కొక్కసారి అవకాశానికి కూడా అందకుండా పోతుంది.

అందుచేత ఈ సాయంత్రం దీపం పెట్టే వేళకు ఒక్క పని చెయ్యండి. ఫోను చేతిలో పట్టుకుని మీ ఇల్లంతా ఒకసారి తిరిగి రండి. ఎక్కడ వస్తుంది, ఎక్కడ రాదు అని చూడటంతోబాటు, రాని చోట ఎవరున్నారో కూడా చూడండి. వచ్చే చోటికోసం ఎవరైనా మెట్లమీదో, డాబామీదో కూర్చుంటున్నారేమో చూడండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. మనమే అడగాలి.